రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ తీస్తున్నాడు

చిన్నోడి అమ్మ (హన్మకొండ), రాత్రి 2:52

అందరికీ నమస్తే. మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం. మాటలు రావు. ఏదైనా కావాలంటే మన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తాడు. పగలు ఎట్లాగో నెట్టుకొస్తున్నాం, రాత్రే కష్టంగా ఉంది. పన్నెండు దాటితే గానీ కన్ను మూయడు. రెండు, రెండున్నరకల్లా మళ్లీ లేచి కూర్చుంటాడు. ఏడవడు, గోల చేయడు. ఇల్లంతా తిరుగుతాడు, నల్లాలు తిప్పుతాడు, ఫ్రిజ్ తెరిచి దాని ముందు నిలబడతాడు. ఐదింటికి మళ్లీ పడుకుంటే ఏడున్నరకు లేపి బడికి తయారు చేయడం నా వల్ల కావడం లేదు.

మొన్న గురువారం రాత్రి నాకు ఎప్పుడు నిద్ర ముంచుకొచ్చిందో తెలియదు. తలుపు దబదబా కొడుతుంటే లేచాను. ఎదురింటి అంకుల్ తెల్లవారుజాము రైలుకు బయలుదేరుతూ చూశారట. మావాడు గేటు బయట స్తంభం లైటు కింద నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. లోపలికొచ్చి చూస్తే తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ. హాల్లో నుంచి జరుపుకొచ్చి, దాని మీదెక్కి పై గడియ తీశాడు. పై గడియ అందదులే అన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ పడుకున్నాం. మా ఇంటి నుంచి వడ్డేపల్లి చెరువుకు నడిచి పది నిమిషాలు. వాడికి నీళ్లంటే ఎంత ఇష్టమో తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు వణుకుతున్నాయి.

మా అత్తమ్మ దిష్టి తగిలిందంటున్నారు. మా ఆయన బయట నుంచి తాళం వేయించుకుని పడుకుందాం అంటున్నారు. ఒక చోట చూపిస్తే "ఇలాంటి పిల్లలు ఇంతే అమ్మా, అలవాటు చేసుకోండి" అని రెండు నిమిషాల్లో పంపేశారు. నిజంగా ఇంతేనా? మీ ఇళ్లలో ఏం చేశారో చెప్పండి.

కాజీపేట నాన్న, రాత్రి 3:18

అక్కా, నేనూ మేలుకునే ఉన్నాను. ఇంతే కాదు, చాలా చేయొచ్చు. నిద్ర కుదురుకోవడానికి వారాలు పడుతుంది. తలుపు సంగతి మాత్రం రేపు చీకటి పడేలోపు చూడండి.

మాది రైల్వే క్వార్టర్. పట్టాలు ఇంట్లోకి వినబడేంత దగ్గర. రెండేళ్ల కింద మా పాప కూడా ఇట్లాగే బయటికి నడిచింది. అప్పుడు తలుపుకు అయస్కాంతం అలారం పెట్టాను. రెండు చిన్న ముక్కలుంటాయి, ఒకటి తలుపుకు, ఒకటి దర్వాజకు అతికించాలి. తలుపు వేలెడంత తెరుచుకున్నా కూస్తుంది. నాకు కొన్ని వందల్లోనే దొరికింది. కానీ ఆ కూతకు మా పాప చెవులు మూసుకుని కిందపడి ఏడ్చింది. అది తీసేసి, తలుపు దగ్గర కదిలితే మా మంచం దగ్గర మోగేది ఇంకోటి తెప్పించాను. అది వచ్చేదాకా పది రోజులు ఆవు మెడకు కట్టే మువ్వలు తలుపుకు కట్టి పడుకున్నాం. వెనక తలుపుకు ఇప్పటికీ అవే ఉన్నాయి.

రాత్రిపూట కుర్చీ, స్టూలు, బిందె, ఎక్కడానికి పనికొచ్చేది ఏదీ హాల్లో ఉండకూడదు. ఇంట్లో సంపు ఉంటే దాని మూతకు తాళం వేయండి. బాత్రూంలో బకెట్ బోర్లించండి. నీళ్లంటే ఇష్టమున్న పిల్లాడు చెరువుదాకా వెళ్లక్కర్లేదు అక్కా, ఇంట్లోనే ప్రమాదం ఉంటుంది.

ఇంకో పని. మా లైన్లో ఇంటింటికీ వెళ్లి చెప్పాను. మా పాప ఒంటరిగా కనిపిస్తే గట్టిగా పిలవొద్దు, పరుగెత్తుతుంది, పక్కనే నడుస్తూ నాకు ఫోన్ చేయండి అని. మొదటి రెండిళ్లలో నోరు పెగల్లేదు. మూడో ఇంట్లో ఒక ముసలాయన నా నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్నారు. ఆ రోజు నుంచి నాకు కొంచెం నిద్ర పడుతోంది.

భవిత టీచర్ (పరకాల), ఉదయం 7:05

మేడమ్, మీ పోస్టు పొద్దున్నే చదివాను. నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రంలో ఐఈఆర్పీని, అంటే ఈ పిల్లలకు నేర్పే రిసోర్స్ టీచర్ని. నా దగ్గరికి వచ్చే తల్లులు మొదటి నెలలో చెప్పేవి రెండే, మాట రావడం లేదని, నిద్రపోవడం లేదని. ఆటిజం ఉన్న పిల్లల్లో సగానికి పైగా ఈ నిద్ర బాధ ఉంటుంది. మీ పెంపకంలో లోపం కాదిది.

ఒక నోటుపుస్తకం పెట్టండి. రెండు వారాలు రాయండి. మంచం ఎక్కింది ఎప్పుడు, నిజంగా నిద్రపోయింది ఎప్పుడు, లేచింది ఎప్పుడు, లేచి మొదట ఎటు వెళ్లాడు, పగలు ఎక్కడైనా కునుకు తీశాడా, సాయంత్రం ఏం తిన్నాడు, ఏం తాగాడు, విరేచనం అయిందా లేదా. మాటలు రాని బాబు కదా, కడుపు నొప్పో, పంటి నొప్పో, చెవి పోటో వాడు మనకు చెప్పలేడు. వాడి తరఫున ఆ పుస్తకమే చెప్పాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అది బల్ల మీద పెట్టండి. రెండు నిమిషాల్లో పంపడం వాళ్లకూ కష్టమవుతుంది.

ఇప్పుడు బాబు నిద్రపోతున్నది పన్నెండింటికి. మీరు తొమ్మిదింటికే పడుకోబెడితే మూడు గంటలు మంచం మీద పెనుగులాటే. కొన్నాళ్లకు వాడికి మంచమంటేనే పెనుగులాట అని గుర్తుండిపోతుంది. ముందు పదకొండున్నరకు, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మంచం ఎక్కించండి. వెంటనే నిద్రపోవడం అలవాటయ్యాక నాలుగైదు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. లేపే టైం మాత్రం ఆదివారమైనా, పండగైనా ఒకటే. అసలు గట్టిగా పట్టుకోవాల్సింది ఆ పొద్దుటి టైమే.

పడుకునే ముందు పనులకు ఫోన్‌తో మీ ఇంట్లోనే నాలుగు ఫొటోలు తీయండి, వాడి బ్రష్షు, మీ బాత్రూం, వాడి చెద్దరు, ఆర్పిన లైటు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి గోడకు వరుసగా అతికించండి. ఒక్కో పని కాగానే వాడి చేత్తోనే ఆ బొమ్మ తీయించండి. బజార్లో అమ్మే కార్డుల మీద ఎవరిదో బాత్రూం ఉంటుంది. మన పిల్లలకు అది పట్టదు.

మానుకోట అమ్మ, ఉదయం 9:40

మాకు తెలిసినవాళ్లు జలుబు సిరప్ ఒక మూత పోస్తే హాయిగా పడుకుంటాడన్నారు. నేను కూడా రెండు మూడుసార్లు పోశాను. ఫరవాలేదా?

పిల్లల డాక్టర్ (కరీంనగర్), మధ్యాహ్నం 1:15

మానుకోట అమ్మా, దయచేసి ఆపేయండి. జలుబు సిరప్‌లలో ఉండే మత్తు గుణం నిద్ర కాదు. కొంతమంది పిల్లల్లో అది తిరగబడి, ఇంకా చిరాకు, ఇంకా గెంతులాట వస్తాయి. ఫిట్స్ ఉన్న పిల్లలకైతే మరీ జాగ్రత్త. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, మూడు నెలలు నిద్ర లేని తల్లికి ఎవరేం చెప్పినా చేయాలనిపిస్తుంది. ఇక ముందు వద్దు, అంతే.

హన్మకొండ అమ్మా, నిద్ర మందు అడిగే ముందు డాక్టర్‌తో వేరే విషయాలు చూపించుకోండి. మొదటిది మలబద్ధకం. ఈ పిల్లల్లో చాలామంది రెండు మూడు రకాలే తింటారు, కాబట్టి ఇది చాలా ఎక్కువ. తర్వాత పళ్లు, చెవులు, పుల్లటి తేన్పులు. రాత్రంతా కాళ్లు ఆడిస్తూ, దొర్లుతూ ఉంటే ఐరన్ నిల్వలు చూడాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి, ఆ నిల్వలు చూపే ఫెరిటిన్ తక్కువ ఉన్న పిల్లల్ని నేను చూశాను. గురక పెడుతుంటే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ చూడాలి. ఏకాగ్రత కోసం మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందు వాడుతుంటే, దాన్ని సాయంత్రం వేళ ఇస్తే నిద్ర చెడిపోతుంది. ఏ టైంకు ఇస్తున్నారో అడగండి.

మెలటోనిన్ గురించి ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. అది నిద్రకు తోడ్పడే హార్మోన్. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి దాన్ని విడుదల చేస్తుంది, వెలుతురు దాన్ని అణిచేస్తుంది. మొహం ముందు పెట్టుకున్న ఫోన్ వెలుగు కూడా అంతే. 2020లో అమెరికా నరాల డాక్టర్ల అకాడమీ ఆటిజం పిల్లల నిద్ర మీద ఇచ్చిన సూచనల్లో ముందు జబ్బులు వెతకమన్నారు, తర్వాత టీచర్ గారు చెప్పినలాంటి అలవాట్లు, వాటితో కుదరకపోతే మెలటోనిన్. అది త్వరగా నిద్రపట్టడానికి బాగా పనికొస్తుంది, నడిరాత్రి మెలకువకు అంతగా పనిచేయదు. డాక్టర్ రాస్తేనే, రాసినంతే వాడాలి. ఆన్‌లైన్‌లో దొరికే జెల్లీ బిళ్లలు కొనొద్దు, ఒక్కో బిళ్లలో అసలు ఎంత మందు ఉందో నమ్మకం లేదు.

లోపల బరువు నింపి కుట్టిన దుప్పట్ల గురించి కూడా అడుగుతుంటారు. 2014లో బ్రిటన్‌లో ఆటిజం పిల్లల మీద పరీక్షించి చూశారు, నిద్ర పెరగలేదు. కొందరు పిల్లలకు అది ఇష్టం, అంతవరకే. స్వయంగా తొలగించుకోలేని పిల్లల మీద అసలు కప్పొద్దు.

గోదావరిఖని బాపు, రాత్రి 9:20

చెల్లె, బయట నుంచి తాళం వద్దు. నేను చెబుతున్నా వినండి.

నేను సింగరేణిలో చేస్తాను. నైట్ షిఫ్ట్ ఉన్న వారం ఇంట్లో మా ఆమె, బాబు ఇద్దరే. పోయేటప్పుడు బయట తాళం వేసి, తాళంచెవి వెనక గల్లీలో ఉండే మా వదినకు ఇచ్చేవాణ్ని. ఒకటిన్నర ఏడాది అట్లనే నడిచింది. ఒక ఎండాకాలం రాత్రి కూలర్ వైరు కాలి పొగ లేచింది. మా ఆమె కరెంటు బంద్ చేసింది, కిటికీ దగ్గర నిలబడి అరిచింది. వదిన లేచి, చెవి వెతికి, పరుగెత్తుకొచ్చేసరికి ఎంతసేపయిందో ఎవరం లెక్కపెట్టలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ బాబును సంకనేసుకుని కిటికీ చువ్వలు పట్టుకున్న ఆమె చేతులు నాకిప్పటికీ కళ్ల ముందే ఉంటాయి.

తాళం లోపలి నుంచే ఉండాలి. మేము తలుపు పైఅంచుకు ఇంకో గొళ్లెం బిగించాం, కుర్చీ ఎక్కినా అందదు. చెవి దర్వాజ పక్కన ఎత్తున మేకుకు ఉంటుంది, వేరే చోట పెట్టడానికి వీల్లేదు. చీకట్లో కళ్లు మూసుకుని కూడా అందుకోగలమా అని అప్పుడప్పుడు ఇద్దరం చేసి చూసుకుంటాం. పడుకునే ముందు సిలిండర్ రెగ్యులేటర్ బంద్. అగ్గిపెట్టె, దోమల మందు డబ్బాలు, గోళీలు బీరువాలోకి.

ఇంకో ముచ్చట. నేను డ్యూటీకి పోయే చప్పుడుకే మావాడు లేస్తున్నాడని చాన్నాళ్లకు గానీ తెలియలేదు. బూట్ల చప్పుడు, బండి స్టార్ట్ చేయడం. ఇప్పుడు బూట్లు బయట వేసుకుంటా, బండి గల్లీ చివరిదాకా నెట్టుకుంటూ పోయి అక్కడ స్టార్ట్ చేస్తా. వాడికి ఎనిమిదింటికే టాటా చెప్పేస్తా.

నర్సంపేట నానమ్మ, రాత్రి 9:55 (మనుమడు టైప్ చేస్తున్నాడు)

మా మనుమరాలికి డౌన్ సిండ్రోమ్, ఆరేళ్లు. ఎప్పుడూ కూర్చున్నట్టు పడుకునేది, మెడ వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని. గురక పక్కింటికి వినబడేది. మేము బొద్దుగా ఉంది, గురక పెడుతుందనుకున్నాం. పగలంతా తూగుతుంటే బద్ధకం అనుకున్నాం. హైదరాబాద్‌లో చూపిస్తే రాత్రి ఊపిరి ఆగిపోతోందన్నారు. ఈ పిల్లలకు గురక వినబడకపోయినా నాలుగేళ్లు నిండేలోపు నిద్ర పరీక్ష చేయించాలట. మాకెవరూ చెప్పలేదు. అడినాయిడ్స్ తీశాక ఇప్పుడు పక్కకు తిరిగి పడుకుంటోంది.

మేము ఊళ్లో ఉంటాం. పట్నం వాళ్లకు చెరువు భయం, మాకు బాయి భయం. పొలం కాడ గోడ లేని బాయికి కంప నాటించి ఇనుప జాలీ వేయించినం. ఎండాకాలం డాబా మీద పడుకునే అలవాటు కూడా మానుకున్నం. పిట్టగోడ మోకాలెత్తు ఉంటే ఈ పిల్లలకు అది గోడే కాదు.

పాము సంగతి ఎవరూ రాయలేదు. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, ఎక్కువగా కింద పడుకున్నవాళ్లనే కరుస్తుంది. కాటు నొప్పి కూడా తెలియదు. మాటలొచ్చిన పిల్లలైతే పొద్దున కడుపు నొస్తుందనో, కళ్లు వాలుతున్నాయనో చెబుతారు. మన పిల్లలు ఎట్లా చెబుతారు? మంచం మీదే పడుకోబెట్టండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. పొద్దున లేవంగనే రెప్పలు వాలిపోతుంటే, మింగలేకపోతుంటే ఇంకేమీ ఆలోచించకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

పెద్దపల్లి అమ్మ, రాత్రి 11:30

నానమ్మ గారూ, మీ మాట చదివి లేచి దోమతెర సరిచేసి వచ్చాను.

మా బాబుకు సెరెబ్రల్ పాల్సీ. తను పక్కకు దొర్లలేడు. ఒకే పక్క గంటలు ఉంటే నొప్పితో మూలుగుతాడు. రాత్రి రెండుసార్లు అలారం పెట్టుకుని తిప్పుతాను, మోకాళ్ల మధ్య చిన్న మెత్త పెడతాను. ఫిజియో మేడమ్ నేర్పారు. అది మొదలుపెట్టాక వాడి ఏడుపు సగం తగ్గింది.

నిద్రలో ఫిట్స్ వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు మా మామయ్య చేతిలో తాళాలు పెట్టారు, ఎవరో స్పూను నోట్లో పెట్టబోయారు. అవేవీ చేయకూడదు. పక్కకు తిప్పి, మెడ దగ్గర గుండీలు విప్పి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108. డాక్టర్ రాసిన ముక్కులో కొట్టే మందు మా మంచం పక్కనే గోడ సంచిలో ఉంటుంది. రాత్రి మాత్ర ఒక్కటి కూడా తప్పకూడదు. వాడి మొహం చుట్టూ మెత్తని దిండ్లు ఉంచను.

నిర్వాహకురాలు, ఉదయం 6:30

మందుల డోసులు ఎవరూ రాయనందుకు థాంక్స్. ఒకటి జోడిస్తాను. బిడ్డ కనిపించకపోతే 24 గంటలు ఆగాలన్నది ఒట్టి మాట. పిల్లలు తప్పిపోతే వెంటనే కేసు రాయాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకు 112కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు వెంటనే ఫోన్ చేయండి. 2012లో అమెరికాలో ఆటిజం పిల్లల కుటుంబాలను అడిగితే, నాలుగేళ్లు దాటాక దాదాపు సగం మంది పిల్లలు ఒక్కసారైనా ఇంటి నుంచి వెళ్లిపోవడానికి చూశారని తేలింది. అలా వెళ్లే పిల్లల్లో చాలామందిని నీళ్లు లాగుతాయి. అందుకే వెతకడం మొదలుపెడితే నలుగురిలో ఇద్దరు నేరుగా నీళ్ల వైపు పోవాలి, చెరువు, సంపు, బాయి, ఎస్సారెస్పీ కాలువ ఏది దగ్గరుంటే అది. మిగతావాళ్లు వీధులు చూడొచ్చు. మొహం స్పష్టంగా ఉన్న ఈ నెల ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి.

చిన్నోడి అమ్మ (హన్మకొండ), నాలుగు వారాల తర్వాత, ఉదయం 10:10

అందరికీ రాయడం ఆలస్యమైంది. తలుపు పని మరుసటి రోజే చేయించాం. పైఅంచుకు గొళ్లెం, మా మంచం దగ్గర మోగే అలారం, సంపుకు తాళం. మా ఆయన స్వయంగా పదకొండు ఇళ్లకు వెళ్లి చెప్పొచ్చారు.

నోటుపుస్తకంలో నుంచి ఒక రోజు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మంగళవారం. బడి ఆటోలో 3:45 నుంచి 4:30 దాకా నిద్ర. 6:10కి టీ, నాలుగు బిస్కెట్లు. విరేచనం లేదు, మూడో రోజు. మంచం 11:30, నిద్ర 11:50. మెలకువ 2:15. వెనక తలుపు దగ్గరికి."

టీ గురించి నాకు తట్టనే లేదు. అత్తమ్మ తాగేటప్పుడు వాడూ ఒక గ్లాసు తాగేవాడు, నాలుగేళ్ల నుంచీ. ఆపేశాం, ఇప్పుడు రాగి జావ. ఆటో డ్రైవర్ అన్నకు చెప్పి ముందు సీట్లో కూర్చోబెడుతున్నాం, నిద్రపోకుండా మాట్లాడుతూ తీసుకొస్తున్నాడు. డాక్టర్ పుస్తకం మొత్తం తిరగేశారు. మలబద్ధకానికి మందు రాశారు, ఫెరిటిన్ కూడా తక్కువ వచ్చింది.

కానీ రెండు వారాల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకొకటి బయటపడింది. మెలకువ ఎప్పుడూ 2:10కి, 2:30కి మధ్యే. మొదట వెళ్లేది ఎప్పుడూ వెనక తలుపు దగ్గరికి, లేదా నల్లా దగ్గరికి. ఒక రాత్రి నేను కావాలని మేలుకుని కూర్చున్నాను. రెండుంపావుకు మా వెనక హాస్టల్‌లో మోటారు మొదలైంది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు. సన్నగా, చాలాసేపు. నాకు అది అప్పటిదాకా వినబడనే లేదు. వాడు కళ్లు తెరిచి, నవ్వి, లేచి కూర్చున్నాడు. ఆ రోజు గేటు దాకా వెళ్లింది ఆ నీళ్ల కోసమే అయ్యుంటుంది.

హాస్టల్ వార్డెన్ గారికి పుస్తకం చూపించాను. ఆయన ఏమీ అనకుండా టైమర్ రాత్రి తొమ్మిదిన్నరకు మార్పించారు. ఇప్పుడు మావాడు ఆ చప్పుడు వింటూ మంచం మీద కూర్చుంటాడు. అది ఆగాక గోడ మీది ఫొటోలు వాడి చేత తీయించి, లైటు ఆర్పుతాం. నిద్ర పదిన్నరకు వచ్చింది. రెండింటికి లేవడం వారంలో ఒకటి రెండు రోజులు ఇంకా ఉంది. లైటు వేయకుండా, మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్తున్నాను. నిన్న రాత్రి 4:40 దాకా పడుకున్నాడు. నేను మాత్రం అలవాటు కొద్దీ రెండుంపావుకు లేచి, వాడి పక్కన కాసేపు కూర్చున్నాను.

కాజీపేట అన్నా, అలారం బ్యాటరీ ఎన్నాళ్లకు మార్చాలి?

కాజీపేట నాన్న, ఉదయం 10:25

చదువుతుంటే కళ్లు తడిశాయి అక్కా. బ్యాటరీ అయిపోయేదాకా ఆగొద్దు. నేను ప్రతి నెలా ఒకటో తారీఖు తలుపు తీసి మోగుతుందో లేదో చూస్తాను, మూడు నెలలకోసారి మార్చేస్తాను. ఒక జత ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి, రాత్రిపూట షాపులుండవు.